పదిహేడో కన్నం

నలభై ఏళ్ళు తాళాలు బాగుచేసిన మనిషికి, ఒక ప్రాణి గోడకు లోపల ఉందో బయట ఉందో తెలియకపోవడమేమిటని ఎవరైనా నవ్వవచ్చు. డెబ్భయ్యో ఏట తాళాల మేస్త్రీకి సరిగ్గా అదే జరిగింది. ఆ ప్రాణి పాము కావడంతో ఆయనకు మాత్రం నవ్వు రాలేదు.

మేస్త్రీ కొట్టు బస్టాండు వెనక సందులో ఒక మేడమెట్ల కింద ఉండేది. ఆయన లోపల కూర్చుంటే మోకాళ్ళు సందులో ఉండేవి. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళంతా ఒకేలా వస్తారని ఆయన అనేవాడు. ముందు జేబులు తడుముకుంటారు, తర్వాత ఇంట్లోవాళ్ళను తిట్టుకుంటారు, చివరికి తాళాన్నే తిడతారు. అలాంటి తాళానికి కొత్త చెవి చేయడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. పళ్ళు కోయని ఇత్తడి చెవిని దీపం మీద పట్టి మసి పట్టించి, తాళంలో దూర్చి మెల్లగా తిప్పేవాడు. లోపల ఎక్కడ అడ్డు తగిలితే అక్కడ మసి చెదిరేది. ఆ చోట ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది, మళ్ళీ మసి పట్టించేవాడు. కంటికి కనబడని చోట ఏముందో మసి చెబుతుందని ఆయన నమ్మకం. లోకంలో చాలామంది అంతకంటే తక్కువ ఆధారాలతో పెద్దపెద్ద గ్రంథాలే రాసేశారు కాబట్టి, ఆ నమ్మకాన్ని తప్పుపట్టడానికి లేదు.

ఎక్కడెక్కడ తిరిగి చూసినా తాళాలు బాగుచేసేవాళ్ళలో ఒక బలహీనత కనిపిస్తుంది. తలుపు పారెయ్యలేరు. మేస్త్రీ కూడా అంతే. ఎవరో పాత ఇల్లు పడగొడుతూ మొరాయించిన తాళంతో సహా తలుపు ఇచ్చేస్తే, తీరిక చూసుకుని విప్పుతానని రిక్షా మీద వేయించుకుని ఇంటికి తెచ్చేవాడు. ఇరవై ఏళ్ళుగా ఆ తీరిక రాలేదు. ఏడు తలుపులు పెరట్లో వెనక గోడకు చేరగిలబడి, ఒకదాని వెనక ఒకటి, వరసలో నిలబడ్డవాళ్ళలా ఎదురుచూస్తున్నాయి.

ఆయన భార్య ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దింది. ఉద్యోగం మానేసి పదేళ్ళయినా ఎర్ర పెన్సిలు చెవి వెనక నుంచి దిగలేదు. కరెంటు బిల్లు, మందుచీటీ, బిస్కెట్ పొట్లం, ఏది చేతికొచ్చినా తప్పు పట్టకుండా వదిలేది కాదు. ఇద్దరికీ కుదిరిన కాపురం అది. ఆయన మూసినవి తెరిచేవాడు, ఆవిడ తెరిచి ఉన్నవాటిలో తప్పులు వెతికేది.

ఆ సంవత్సరం ఆవిడ కుడి మోకాలికి ఆపరేషనయింది. పంపించేటప్పుడు డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది: "రోజూ నడవాలమ్మా. నెల తర్వాత చూస్తాను. అప్పటికి మోకాలు ఇంతమేర వంగకపోతే మళ్ళీ మత్తిచ్చి, బలవంతంగా వంచాల్సి వస్తుంది." ఆ 'బలవంతంగా' అన్న మాట ఆవిడ మొహంలో రంగు మార్చింది. ఇల్లేమో రెండు గదులు, నాలుగడుగులేస్తే గోడ. వీధిలో నడుద్దామంటే గుంతలు, బస్సులు. మిగిలింది పెరడు. చిక్కుడు పాదుల చుట్టూ మేస్త్రీ స్వయంగా పోసిన సిమెంటు బాట ఉంది. ఒక చుట్టు యాభై రెండు అడుగులని ఆవిడే లెక్కపెట్టింది.

పదో రోజు పొద్దున పదిగంటల వేళ, పన్నెండో చుట్టులో, ఆవిడ చేతికర్రకు మూరెడు దూరంలో పాము బాట దాటింది.

ఇది తాడును చూసి పామనుకున్న కథ కాదు. ఆ కథ వేదాంతులకు వదిలేద్దాం. ప్రూఫులు దిద్దినావిడ కళ్ళు తాడుకీ పాముకీ తేడా తెలియనివి కావు. గోధుమరంగు, రెండు చేతికర్రల పొడవు, తొందరేమీ లేని నడక.

"ఏవండీ! ఏవండీ!"

మేస్త్రీ సగం గీసిన గడ్డంతో పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? పడ్డావా?"

"పామండీ."

"ఎక్కడ?"

"ఇంకెక్కడ? మీ తలుపుల కిందికి పోయింది. ఏడు తలుపుల భవంతి కట్టించి పెట్టారుగా! గృహప్రవేశానికి పిలిచారేమో కూడా."

ఆ వెటకారం అంతటితో ఆగింది. ఆవిడ గదిలోకి పోయి, పెరటి తలుపు గడియ వేయించి, మంచం మీద కూర్చుంది. "అది లేదని నాకు నమ్మకం కుదిరేదాకా గడప దాటను. మీరు వెయ్యి చెప్పండి," అంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడానికి ఇంకా ఇరవై రోజులుంది. మూడు రోజులు మంచం దిగకపోతేనే మోకాలు కొయ్యబారిపోవడం మొదలైంది. సాయంత్రాలు కాలు చాపుకుని, వంచబోయి, పళ్ళు బిగబట్టి మానేసేది. ఆయన చూడనట్టు కిటికీలోంచి పెరట్లోకి చూసేవాడు.

సలహాలకు కరువేముంటుంది? పక్కింటాయన రిటైరైన బస్సు కండక్టరు. గోడ మీదనుంచి తల పెట్టి మాట్లాడటం ఆయనకు అలవాటు.

"మేస్త్రీగారూ, గంధకం చల్లండి. పాము ఆ పక్కకి రాదు."

"నిజంగానా?"

"నిజంగానా ఏంటండీ! మా బస్సులోకే ఒకసారి పాము ఎక్కింది. టికెట్టని అరిచా. తర్వాతి స్టాపులో దిగిపోయింది."

"గంధకమేం చల్లలేదుగా మీరు?"

కండక్టరు కాసేపు ఆలోచించి తల కిందికి దించేసుకున్నాడు.

ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు. "బావగారూ, ఫినాయిలు పొయ్యండి. గోడ చుట్టూ పొయ్యండి. అక్కను నేనడిగానని చెప్పండి." కూరగాయలమ్మే ఆవిడ వెల్లుల్లి దంచి పెట్టమంది. మేస్త్రీ ఎవరి మాటా కాదనలేదు. వెల్లుల్లి దంచాడు, ఫినాయిలు పోశాడు, గంధకం చల్లాడు. అయిదు రోజుల్లో పెరడు ఆస్పత్రీ వంటిల్లూ కలిసిన వాసన కొట్టింది. ఆవిడకు దగ్గు పట్టుకుంది. కండక్టరు రెండు రోజులు తల పెట్టడం మానేశాడు. పాము ఏమైందో మాత్రం తెలియలేదు. వాసనకు పోయిందా, వాసన వచ్చేముందే పోయిందా, అసలు పోనేలేదా? ఎవరు చెప్పగలరు? మందు పనిచేసిందో రోగమే తగ్గిందో తెలియక వైద్యులు కూడా తికమకపడతారు. మేస్త్రీ ఎంత?

అప్పుడాయన తన విద్యనే నమ్ముకున్నాడు. రావడానికి దారి లేకపోతే ఏదీ రాదు. పొద్దున్నే పీట వేసుకుని గోడ మొదట్లో కూర్చున్నాడు. గోడ పొడవునా వేళ్ళతో తడుముతూ, చిటికెనవేలు దూరే కన్నం దొరికినా చాలు, సిమెంటు కూరాడు. నీళ్ళు పోయే తూములకు సన్నకన్నాల ఇనపజాలీ బిగించాడు. గేటు కింద సందుకు రబ్బరు పట్టీ కొట్టాడు. మూసిన ప్రతిదాని పక్కనా ఎర్రరంగుతో అంకె వేశాడు, పుస్తకంలో రాసుకున్నాడు. నాలుగు రోజులు పట్టింది. పుస్తకం తీసుకెళ్ళి మంచం మీద పెట్టాడు.

"నలభై రెండు కన్నాలు. చీమ రావాలన్నా నన్నడగాలి," అన్నాడు.

ఆవిడ పుస్తకం వైపు చూడలేదు. "పామును పట్టే ఆయన్ని ఒకసారి పిలవండి. చెబితే వింటాను," అంది.

పామును పట్టే ఆయనది అసలు సైకిళ్ళు బాగుచేసే కొట్టు. ఊళ్ళో పాము కనిపిస్తే, చేతిలో పని దించి, కొక్కెం కట్టిన కర్ర పట్టుకుని వస్తాడు. గోడ చుట్టూ ఒకసారి తిరిగాడు, అంకెలన్నీ చూశాడు, మెచ్చుకోలుగా తలాడించాడు.

"పని బాగా చేశారు పెద్దాయనా. పగుళ్ళు మూయడం, గడ్డి కొట్టడం, ఎలుకలకు చోటివ్వకపోవడం, అసలు మందు ఇదే. ఆ గంధకం, వెల్లుల్లి అన్నీ మన తృప్తికే. ఒక్కటి చెప్పండి. ఇవన్నీ మూసేటప్పుడు పాము ఎక్కడుంది?"

మేస్త్రీ గోడ మీద అంకెల వైపు తిరిగి చూశాడు.

"బయటుంటే మంచిదే. లోపలుంటే..." సైకిలాయన నాలుక కరుచుకున్నాడు.

"లోపలుంటే?"

"లోపలుంటే, దానికి తాళం వేశారు."

మేస్త్రీ నలభై ఏళ్ళలో ఎన్నో సార్లు విన్న మాటే. తలుపు లాగేశాను, తాళంచెవి లోపలుండిపోయిందని ఏడుపు మొహంతో వచ్చేవాళ్ళు. వాళ్ళను చూసి కొట్టులో మనసులో నవ్వుకున్న రోజులన్నీ ఒక్కసారి ఎదుటికొచ్చి నిలబడ్డాయి. గదిలోంచి ఆవిడ గొంతు వినిపించింది: "ఏమంటున్నారు?"

"ఏం లేదు. బాగుందంటున్నాడు," అన్నాడు, నీళ్ళు నములుతూ.

"నాకు వినిపించింది."

ఆ రోజునుంచి ఆయనకు మతి మతిలో లేదు. ఒక కన్నం మళ్ళీ తెరుద్దామంటే, పాము బయటుంటే దారి చూపినట్టవుతుంది. తెరవకపోతే, లోపలుంటే పోవడానికి దారి ఉండదు. తెరవాలి, మూయాలి. మూయాలి, తెరవాలి. చెంబు పట్టుకుని చిక్కుడుపాదు దగ్గరికి పోయి, నీళ్ళు పోశానా లేదా అని మట్టిని తడిమి చూసుకునేవాడు. కొట్టు తీసే రోజుల్లో తాళం వేశానా అని సగం దారినుంచి ఒక్కసారి కూడా వెనక్కి రాని మనిషి.

చివరికి పాత పద్ధతే గుర్తొచ్చింది. మసికి బదులు సుద్దపొడి. జల్లెడతో బాట మీద పలచగా చల్లి, పాము కదిలితే గీత పడుతుందని కాచుకున్నాడు. మూడు రోజులు కాచాడు. పిట్ట కాళ్ళు పడ్డాయి. పిల్లి కాళ్ళు పడ్డాయి. తలుపుల దగ్గర చిన్నచిన్న ఎలుక కాళ్ళు లెక్కలేనన్ని పడ్డాయి. పాము గీత లేదు.

"లేదుగా. ఇక లేచి నడువు," అన్నాడు.

"గీత లేకపోతే పాము లేదని అర్థమా? తప్పు కనబడలేదని తప్పు లేదంటే నా ఉద్యోగమెందుకు?"

"పోనీ ఉందంటావా?"

"ఉందని నేనన్నానా?"

"మరేమంటావ్?"

"నాకేం తెలుసు? నా మోకాలు నన్నేమీ అననివ్వడం లేదు." డాక్టరమ్మ దగ్గరికి ఎనిమిది రోజులు మిగిలాయి. ఏమీ తోచక ఆవిడ, చేయి అందినంతలో ఉన్న ఆయన పుస్తకం తీసింది, చెవి వెనక పెన్సిలు తీసింది. ఒకటి, తూము, జాలీ. రెండు, పగులు, సిమెంటు. పేజీ తిప్పింది. పెన్సిలు ఆగింది.

"ఏవండీ, పదిహేడేది?"

"ఏ పదిహేడు?"

"పదహారు, కుళాయి వెనక. తర్వాత పద్దెనిమిది, మూల. మధ్యలో పదిహేడేదీ?"

మేస్త్రీ పుస్తకం లాక్కుని చూశాడు. లేదు. అంకె దాటేశాడా? కన్నం దాటేశాడా? ఎంత ఆలోచించినా ఆ పూట జ్ఞాపకంలోకి రాలేదు. సిమెంటు చేతులు, ఎండ, కండక్టరు గోడ మీదనుంచి ఏదో అడగడం, అంతే.

"అంకె తప్పేసి ఉంటా. కన్నం కాదు."

"ఉంటానా? వేశారా?"

"గుర్తు లేదే!"

"నలభై రెండన్నారు. నలభై ఒకటే అయితే లెక్క తప్పు. కన్నమే మిగిలిపోతే పని తప్పు. రెండింట్లో ఏదో తేల్చండి."

"రేపు చూస్తా."

"మీరు చూస్తే నాకేం తెలుస్తుంది? మీరు చూసే మూశారుగా!" అంటూనే ఆవిడ చేతికర్ర అందుకుంది. మేస్త్రీ నివ్వెరపోయి చూస్తుండగా మంచం దిగింది, మొహం చిట్లించింది, గడప దాటింది. అచ్చుతప్పు ఒకటి ఉందని తెలిశాక ముప్ఫై ఏళ్ళలో ఏ రోజూ ఆవిడ కూర్చోలేకపోయింది. పాము సంగతి అప్పుడు గుర్తుందో లేదో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

కుళాయి వెనక పదహారు ఎర్రగా ఉంది. మూలలో పద్దెనిమిది ఉంది. రెండింటి మధ్యా ఏడు తలుపులు.

"ఇక్కడ చెయ్యి పట్టక వదిలేశారు," అంది ఆవిడ.

మేస్త్రీ చెవులు ఎర్రబడ్డాయి. అవును, తలుపులు జరపడం ఇష్టంలేక, తర్వాత చూద్దామని అంకె ఒకటి అట్టేపెట్టుకుని ముందుకు జరిగాడు. ఆ తర్వాత మరచిపోయాడు.

సైకిలాయన వచ్చాడు, కండక్టరు గోడ దిగి గేటు తిరిగి వచ్చాడు. సైకిలాయన కర్రతో ముందు తట్టి చూశాక, ముగ్గురూ తలుపులు పట్టుకున్నారు. ఒక్కో తలుపూ కదులుతుంటే ఎలుకలు అటూ ఇటూ పరుగెత్తాయి. కండక్టరు రెండుసార్లు "హోల్డాన్, హోల్డాన్!" అని అరిచాడు. ఆవిడ లోపలికి పోలేదు. బాట మీద పది అడుగులు అటు, పది అడుగులు ఇటు నడుస్తూ, "ఆ మూల పట్టండి, వేలు నలుగుతుంది," అని అందరినీ గదమాయిస్తూనే ఉంది.

ఏడో తలుపు వెనక గోడ మొదట్లో నాలుగు వేళ్ళ వెడల్పు కన్నం ఉంది. కన్నంలో పాము లేదు. పాము విడిచిన కుబుసం ఉంది. సగం పెరట్లో, సగం గోడకవతల ఖాళీ స్థలంలో.

"అయ్యయ్యో," అన్నాడు మేస్త్రీ. "తల లోపలుంది చూడండి. లోపలికి వచ్చింది!"

సైకిలాయన కూర్చుని, కుబుసాన్ని వేలితో ముట్టకుండా పరిశీలనగా చూశాడు. "లేదు పెద్దాయనా. మేజోడు తీసినట్టు తిరగబడి ఊడుతుంది ఇది. తల దగ్గర మొదలై, పాము ముందుకు పోతుంటే వెనక్కి మిగులుతుంది. తోక ఎటుంటే పాము అటు పోయినట్టు. తోక బయటుంది. అంటే బయటికి పోయింది."

"తల ఇటుంటే అటు పోయిందా?"

"అవును."

మేస్త్రీ రెండు చేతులూ ఎత్తి గాలిలో తల, తోక గీసుకున్నాడు, మళ్ళీ గీసుకున్నాడు. చెరిపేశాడు. "సరే. బయటికే పోయింది. ఆ తర్వాత మళ్ళీ వచ్చిందా?"

"అది కుబుసాన్నడగాలి," అన్నాడు సైకిలాయన. "పొలుసులు చూస్తే జెర్రిపోతనే అనిపిస్తోంది. విషముండదు, ఎలుకల కోసం వచ్చి ఉంటుంది. కానీ చర్మం చూసి ప్రమాణం చెయ్యను. తలుపులు తీసేశారుగా, ఎలుకలు పోతే దానికిక్కడ పనే లేదు."

మూయాలా, వద్దా? మళ్ళీ మొదటికొచ్చింది. మేస్త్రీ ఆ మధ్యాహ్నమంతా తడిసిన సిమెంటు తాపీ మీద గట్టిపడేదాకా పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా నేల మీద ఏడో తలుపు పడి ఉంది. దాని నడుమ ఉత్తరాలు వేసే సందుంది, సందుకు ఇత్తడి రేకు. తోస్తే ఒకే వైపు ఊగుతుంది, వదిలితే దానంతటదే మూసుకుంటుంది. ఆ రేకును ఆయన ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాడు. ఆ రోజే చూశాడు.

సాయంత్రానికి పదిహేడో కన్నానికి ఆ రేకు బిగిసింది, బయటివైపు మాత్రమే తెరుచుకునేలా. లోపలుంటే పోవచ్చు. బయటుంటే రాలేదు. పైన ఎర్రరంగుతో 17 అని రాశాడు. రేకుకూ గోడకూ మధ్య సన్నని కుట్టు దారం కట్టాడు. పాము తోసుకుపోతే తెగుతుంది.

"పొద్దున్నే నేను చూస్తా. మీ చూపు మీద నాకు నమ్మకం లేదు," అంది ఆవిడ.

మర్నాడు ఆవిడ ఒక చుట్టు నడిచి దారం చూసింది. మధ్యాహ్నం మరోసారి చూసింది. గాలి వీస్తే చూసింది. పిల్లి గోడ దూకితే చూసింది. ఎన్నిసార్లు వెళ్ళిందో లెక్కపెట్టలేదు. దారం తెగలేదు. ఉందేమోనని భయం, తెగలేదేమని బెంగ. రెండూ ఒకే మనిషిలో ఎలా పట్టాయో మేస్త్రీకి అర్థం కాలేదు. రాత్రుళ్ళు నిద్రలో కూడా ఆవిడ "దారం, దారం" అంటుంటే, ఇక ఇది ఎంతకీ తేలదనుకున్నాడు. డాక్టరమ్మ దగ్గరికి ఇంకా రెండు రోజులుందనగా, సాయంత్రం, ఆవిడ కళ్ళబడకుండా ఆ దారమేదో తానే తెంపేద్దామని కత్తెర వెతికాడు. కుట్టుపెట్టెలో లేదు. సొరుగులో లేదు. ఊరుకున్నాడు.

పొద్దున ఆవిడ కేక వేసింది. "ఏవండీ! తెగింది! పోయింది!"

మేస్త్రీ వెళ్ళి వంగి చూశాడు. దారం తెగి ఉంది. తెగిన కొసలు రెండూ నున్నగా, సమంగా ఉన్నాయి. లాగితే తెగిన దారం ఎలా ఉంటుందో, కోస్తే తెగిన దారం ఎలా ఉంటుందో నలభై ఏళ్ళు ఇత్తడి చూసిన కళ్ళకు తెలియకపోదు. తల ఎత్తి చూశాడు. ఆవిడ చిక్కుడుపాదు వైపు చూస్తోంది.

"పోయిందంటావా?"

"దారం తెగితే పోయినట్టేగా? మీరే అన్నారు."

"నేనే అన్నాను," అన్నాడు మేస్త్రీ.

మర్నాడు డాక్టరమ్మ మోకాలు పట్టుకుని వంచింది. ఆవిడ "అబ్బా" అంది గాని కాలు వంగింది. "బాగా నడిచారే! రోజుకెన్ని చుట్లు?"

"లెక్కపెట్టలేదమ్మా," అంది ఆవిడ. "వేరే పనుండి తిరిగాను."

ఇంటికొచ్చాక కుట్టుపెట్టె తెరిస్తే కత్తెర దాని చోట అది ఉంది. తన బెంగ తీర్చడానికి కోసిందా, నా బెంగ తీర్చడానికా? ఇంతకీ పాము పోయిందా? మేస్త్రీ కత్తెర చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఏదీ తేలలేదు. కొత్త దారం తీసుకుని పెరట్లోకి వెళ్ళి రేకు ముందు గొంతుక్కూర్చున్నాడు.

వెనకనుంచి చేతికర్ర చప్పుడు వచ్చి ఆగింది.

"మళ్ళీ ఎందుకు? పోయిందన్నాంగా!"

"పోయింది... ఉత్తినే. ఉంటే నీకు నడవడానికి..." ఆయన మాట మింగేశాడు.

ఆవిడ కర్రతో నేల మీద ఒకసారి తట్టింది.

"కాస్త బిగించి కట్టండి. కిందటిసారి మరీ వదులుగా ఉంది."